పడవకి నేను పెట్టిన నాలుగు చిల్లులు

ఏప్రిల్ రెండో వారంలో అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్నకి కాలు మడతపడిందిరా" అంది. ఎక్కడ అంటే పడవలోనే. వల లాగుతుంటే కాలి కింద డెక్కు దిగబడిందట. దిగబడటమేంటి, అదేమైనా వరిమడా అన్నాను. అమ్మ ఫోన్ నాన్న చేతికిచ్చింది.

"ఏటీ నేదురా. కొంచెం మెత్తబడినాది. సెలవుల్లో సూద్దాం" అని పెట్టేశాడు.

సెలవులంటే నావి కాదు, ఆయనవి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజన్ పడవలన్నీ ఒడ్డు మీదే ఉండాలి. భీమిలి దాటాక ఉండే మా పల్లెలో ఆ రెండు నెలలూ వలలు బాగుచేయడం, ఇంజన్లు విప్పడం, పడవలకి మాట్లు వేయడం, పెళ్ళిళ్ళు చేయడం. ఈ నాలుగే పనులు.

ఈ కాలమ్ మొదటి నుంచి చదివేవాళ్ళకి తెలుసు, నేను రాసేవన్నీ చిన్న రిపేర్లే. మిక్సీ జార్ బుష్, సైకిల్ చైను, కుక్కర్ గ్యాస్కెట్. ఈసారి వస్తువు కొంచెం పెద్దది. పొడవు 24 అడుగులు. మూడు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి, హైదరాబాద్ నుంచి విశాఖ బస్సెక్కాను. కారణం అడిగితే మేనేజర్‌కి "ఫ్యామిలీ మెయింటెనెన్స్" అని చెప్పాను. అబద్ధమేం కాదు.

ముందు పడవ గురించి రెండు ముక్కలు. మా తాతల కాలంలో అన్నీ చెక్క తెప్పలే. కెరటాలు దాటుకుని వచ్చి ఇసుక మీదకి లాగే పడవల డిజైన్ల మీద ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ళు 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్‌లో చాలా పనిచేశారు. 2004 సునామీ తర్వాతైతే మా తీరంలో ఎటు చూసినా ఫైబర్ పడవలే. మాది 2006లో కట్టింది. 2011లో సెకండ్ హ్యాండ్‌లో మా చేతికొచ్చింది. అంటే ఫైబర్ లెక్కలో ముసలిదే.

ముసలిదైతే అమ్మేసి కొత్తది కొనొచ్చు కదా అని మా చిన్నాన్న కొడుకు సలహా. కొత్త పడవ, ఇంజన్, వలలు అన్నీ కలిస్తే లక్షల్లో మాట. నిషేధ కాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలయింది. అది రెండు నెలల ఇంటి ఖర్చుకే బొటాబొటి. పడవ లేకపోతే ఏంటి అంటారా? మా వైపు మగవాళ్ళకి దానికి ఒకటే సమాధానం తెలుసు. గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి, వేరేవాళ్ళ బోట్ల మీద కలాసీగా చేరడం. 2025లో వచ్చిన 'తండేల్' సినిమా చూసే ఉంటారు. 2018 నవంబరులో అలా గుజరాత్ నుంచి వేటకెళ్ళి పాకిస్థాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథే ఆ సినిమాకి ఆధారం. మా నాన్నకి 56 ఏళ్ళు. మడతపడిన కాలితో వేరావల్ రైలెక్కే వయసు కాదు. కాబట్టి జూన్ 14 అర్ధరాత్రికి ఈ పడవే నీళ్ళలోకి దిగాలి.

నేను వెళ్ళేసరికి పడవ సరుగుడు చెట్ల నీడలో, కొబ్బరి దుంగల మీద ఎక్కించి ఉంది. ఫైబర్ మేస్త్రి అప్పటికే పైన కూర్చుని ఉన్నాడు. ఆయన నాన్నకి వరసకి బావ, నాకు మావ. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. చేతి మీద వెంట్రుకలు ఎప్పుడో రెసిన్‌కి ఊడిపోయాయి.

"అల్లుడూ, పది రూపాయల బిళ్ళ ఉందేటి?"

టీకేమో అనుకుని ఇచ్చాను. ఆయన డెక్కు మీద ఆ బిళ్ళతో కొట్టుకుంటూ పోతున్నాడు. టక్, టక్, టక్. ముందు భాగమంతా గట్టి చప్పుడు. వెనక్కి, నాన్న కూర్చుని ఇంజన్ పట్టుకునే చోటికి వచ్చేసరికి తప్, తప్ అని ఒట్టిపోయిన చప్పుడు. పుచ్చకాయ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అచ్చం అలాగే. చప్పుడు మారిన ప్రతిచోటా నాతో సుద్దముక్కతో చుక్క పెట్టించాడు. చుక్కలన్నీ కలిపితే విసనకర్ర ఆకారం వచ్చింది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు.

అసలు డెక్కు ఎందుకు మెత్తబడుతుందో తెలియాలంటే మీ ఇంటికొచ్చే డెలివరీ అట్టపెట్టె చూడండి. పైనొక పల్చటి కాగితం, కిందొక పల్చటి కాగితం, మధ్యలో మడతల కాగితం. విడివిడిగా చూస్తే మూడూ చేత్తో చింపేయొచ్చు. కలిస్తే మీ పాతిక కిలోల బియ్యం మోస్తుంది. పైదానికీ కిందిదానికీ మధ్య దూరం ఉండటమే ఆ బలం. డెక్కు కూడా అంతే. పైన ఫైబర్ పొర, కింద ఫైబర్ పొర, మధ్యలో ప్లైవుడ్. అట్టపెట్టె వర్షంలో తడిస్తే ఏమవుతుందో మనందరం చూశాం. ప్లైవుడ్ నానిపోతే రెండు పొరలూ దాన్నుంచి ఊడిపోతాయి. పైకి మాత్రం ఏమీ కనిపించదు. రంగు మెరుస్తూనే ఉంటుంది. కాలేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మెయిన్ ప్రశ్న. ఫైబర్‌లోంచి నీళ్ళు ఇంకవు కదా, మరి లోపలికి ఎలా వెళ్ళాయి?

మేస్త్రి మావ సమాధానం చెప్పలేదు. సుద్దతో గీసిన విసనకర్ర పిడి దగ్గర బిళ్ళ పెట్టాడు. అక్కడొక స్టీలు బ్రాకెట్, దానికి నాలుగు స్క్రూలు. బ్రాకెట్ మీద జీపీఎస్ పెట్టె.

ఆ పెట్టె నేను పెట్టిందే. 2019లో, మొదటి జీతంతో. అమ్మకి చీర, చెల్లికి ఫోన్, నాన్నకి జీపీఎస్. పక్కింటి డ్రిల్లింగ్ మెషిన్ అరువు తెచ్చి, టక టకా నాలుగు చిల్లులు పెట్టి, నాలుగు స్క్రూలు బిగించి, పడవ ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని స్టేటస్ కూడా పెట్టాను. సీలెంట్ అనే మాట నాకప్పుడు తెలీదు. స్క్రూ బిగుతుగా ఉంది కదా, నీళ్ళెలా పోతాయి అనుకున్నాను. ఇంజన్ అదురుకి స్క్రూ రోజూ వెంట్రుకవాసి కదులుతుంది. ఆ సందు చాలు నీటికి.

ఇంకో తమాషా ఏంటంటే, చెక్కని కుళ్ళబెట్టింది సముద్రం కాదు, వాన. సముద్రపు నీళ్ళలో ఉప్పుంటుంది కాబట్టి కుళ్ళబెట్టే బూజు అంత సులువుగా బతకదు. ఆవకాయ గుర్తుచేసుకోండి. ఉప్పు సరిపడా ఉన్నంతకాలం ఏడాదైనా నిలుస్తుంది, తడి గరిటె పెట్టారా, నాలుగు రోజుల్లో బూజు. పడవ ఒడ్డున ఉన్నప్పుడు టార్పాలిన్ కప్పకుండా వదిలేసిన ప్రతి వానా ఆ నాలుగు చిల్లుల్లోంచి తడి గరిటె పెట్టినట్టే.

"కోద్దామా, కప్పేద్దామా?" అని నాన్న అడిగాడు.

కప్పేయడం అంటే, పైన గీకి రెండు పొరల మ్యాట్ వేసి రంగు కొట్టేయడం. ఒక్కరోజు పని, ఖర్చు మూడో వంతు. మా ఒడ్డున చాలామంది చేసేది అదే. తప్పుపట్టడానికి లేదు, చేతిలో డబ్బు ఉన్నంతే పని. కానీ లోపలున్న తడి అక్కడే ఉండిపోతుంది. పైన తాళం వేసి దొంగని ఇంట్లో ఉంచుకున్నట్టు. రెండేళ్ళ కింద మా వీధిలోనే ఒక పడవకి అలా కప్పారు. ఈ ఏడాది ఆ డెక్కు సగం పోయింది, ఇంజన్ బిగించిన దిమ్మ కూడా కదిలింది. సముద్రంలో ఇంజన్ దిమ్మ ఊడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

"కోద్దాం" అన్నాను. నాన్న నావైపు చూడలేదు. "సరే, కొయ్యి బావా" అన్నాడు.

గ్రైండర్ బ్లేడుని పై పొర మందం మేరకే దించి, సుద్ద గీతకి నాలుగంగుళాలు అవతల నుంచి కోశాడు మావ. చుట్టూ గట్టి చెక్క తగలాలి, అందుకు. నాకు మాస్క్, కళ్ళద్దాలు, ఫుల్ చేతుల చొక్కా. ఫైబర్ దుమ్ము అంటే గాజు దుమ్మే. పొరపాటున ఒంటిమీద పడితే రుద్దొద్దు, చన్నీళ్ళు పోయండి. నేను మొదటిరోజు వేడినీళ్ళు పోసుకుని రాత్రంతా గోక్కున్నాను. మధ్యలో ఒక మీటింగ్ కూడా అటెండ్ అయ్యాను. "ఆ సౌండ్ ఏంటి?" అన్నారు. మ్యూట్ చేసుకున్నాను.

పై పొర మూతలా లేచింది. లోపలున్నది ప్లైవుడ్ అని చెబితే తప్ప తెలీదు. కాఫీ డికాషన్ తీసేశాక ఫిల్టర్‌లో మిగిలే పిప్పిలా ఉంది. చేత్తో పిండితే నీళ్ళు కారాయి. ఆ వాసన, చెప్పలేను. చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తోంది. నాలుగు చిల్లుల దగ్గర నల్లగా, అక్కణ్ణుంచి దూరం వెళ్ళేకొద్దీ ముదురు గోధుమరంగు, అంచుల్లో మామూలు చెక్క. సాక్ష్యం అంతకంటే ఏం కావాలి?

నేను గోకుడు పారతో గీకుతూ, తల ఎత్తకుండా అడిగాను. "నాన్నా, నీకు ముందే తెలుసా?"

"స్క్రూలు ఊగినప్పుడే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"రెండేళ్ళవుద్ది."

"మరి తీసేయొచ్చు కదా! నాకైనా చెప్పొచ్చు కదా!"

ఆయన బీడీ వెలిగించుకోవడానికి చాలాసేపు పట్టింది. గాలి ఎక్కువుందిలెండి. "తీసెత్తే నువ్వొచ్చినప్పుడు అడుగుతావు కదా, పెట్టె ఏదీ అని" అన్నాడు.

మేస్త్రి మావ దగ్గాడు. "ఆ పిప్పంతా బస్తాలోకి ఎత్తు అల్లుడూ. పొద్దెక్కిపోతంది."

ఎత్తాను. రెండు బస్తాలైంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఏమీ చేయలేదు. నిజంగా ఏమీ లేదు. ఈ పనిలో అతికష్టం అదే. మొదట ఆ గుంతని మంచినీళ్ళతో రెండుసార్లు కడిగాం. తడి ఆరడానికి మళ్ళీ నీళ్ళు పోయడమేంటి అని నాకూ అనిపించింది. ఉప్పు మిగిలితే అది గాల్లో తేమని లాక్కుంటూనే ఉంటుంది, వానాకాలంలో ఉప్పు డబ్బా చూడలేదా అన్నాడు మావ. కడిగాక పగలు ఎండకి వదిలి, సాయంత్రం మంచు పడకుండా టార్పాలిన్ కప్పడం. అంచుల్లో మిగిలిన పాత చెక్క ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరేమీ లేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్కని దానిమీద పరిచి, చుట్టూ టేపు వేసి ఎండలో వదిలేయాలి. లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే. అయిదో రోజు చెమట. ఏడో రోజు చెమట. నాన్న రోజూ పొద్దున్నే వెళ్ళి చూసి, ఏమీ మాట్లాడకుండా వచ్చి టీ తాగేవాడు. తొమ్మిదో రోజు ప్లాస్టిక్ పొడిగా ఉంది. "ఒరే, సూడ్రా" అని నన్ను నిద్రలేపి మరీ తీసుకెళ్ళాడు.

ఈలోగా విశాఖ వెళ్ళి సామాన్లు తెచ్చాం. ప్లైవుడ్ దగ్గర జాగ్రత్త. "వాటర్‌ప్రూఫ్, సార్" అని అన్నీ అంటగడతారు. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటే అది మెరైన్ గ్రేడ్. ఐఎస్ 303 అని ఉంటే ఇంటి కప్‌బోర్డులకి వాడే మామూలు రకం, వంటింట్లో సరే, సముద్రంలో కాదు. 12 ఎంఎం మెరైన్ షీటు, ఎనిమిది కిలోల పాలిస్టర్ రెసిన్, 450 గ్రాముల మ్యాట్, 600 గ్రాముల రోవింగ్, క్యాటలిస్ట్, కోబాల్ట్ తీసుకున్నాం. మ్యాట్ అంటే గాజుపోగుల ముక్కలు చిందరవందరగా అద్దిన దుప్పటి. రోవింగ్ అంటే అదే గాజుతో గోనెపట్టాలా నేసిన బట్ట. గ్రాములంటే చదరపు మీటరు బరువు.

ఎపాక్సీ వాడొచ్చు కదా అని నేను యూట్యూబ్ జ్ఞానం ప్రదర్శించాను. పాత ఫైబర్‌కీ చెక్కకీ ఎపాక్సీ ఇంకా బాగా పట్టుకునే మాట నిజమే. ధర కూడా అలాగే ఉంటుంది. పైగా ఒకసారి ఎపాక్సీ వేశాక దానిమీద పాలిస్టర్ సరిగా అంటదు. రేపు ఇంకో రిపేరొస్తే మా ఒడ్డున అందరి దగ్గరా ఉండేది పాలిస్టరే. మావ మాటే నెగ్గింది. ఇప్పటికీ నాకది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు సరదాగా కాకుండా చదవండి. కోబాల్ట్, క్యాటలిస్ట్ ఈ రెండూ నేరుగా ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే మంట, పేలుడు కూడా. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో పూర్తిగా కలిపేసి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ పోయాలి. రెండోది, క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్ళద్దాలు లేకుండా మూత తీయొద్దు. మావ ముప్పై ఏళ్ళుగా అద్దాలు లేకుండానే చేస్తున్నాడు. నేను తెచ్చిన జత ఇచ్చాను, రెండు రోజులు పెట్టుకుని మూడోరోజు మనవడికి ఆడుకోవడానికి ఇచ్చాడు. తెల్లారి ఇంకో జత తెచ్చి, పెట్టుకుంటేనే క్యాటలిస్ట్ సీసా ఇస్తానని దాచేశాను. అప్పుడు దారికొచ్చాడు.

నా ఘనకార్యాలు కూడా చెప్పాలి కదా. చిల్లులు పూడ్చే ముద్ద కలపడానికి ఇంట్లో పెళ్ళికి మిగిలిన థర్మాకోల్ కప్పు తీసుకెళ్ళాను. రెసిన్ పోశాను. కప్పు అడుగు మాయం. రెసిన్ మొత్తం నా చెప్పు మీద. పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ని పంచదారలా కరిగించేస్తుంది. అందుకే పడవ తేలడానికి లోపల పెట్టే థర్మాకోల్ దిమ్మల్ని పాలిథిన్‌లో చుట్టి పెడతారట. రెండో ఘనకార్యం, టైం కలిసొస్తుందని ఒకేసారి రెండు కిలోల రెసిన్ బకెట్‌లో కలపడం. మే నెల ఎండ. పావుగంట కాకముందే బకెట్ వేడెక్కి పొగలు వచ్చింది. రెసిన్ గట్టిపడేటప్పుడు దానంతటదే వేడి పుట్టిస్తుంది, ఎక్కువ మొత్తం ఒకేచోట ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. మావ కాలితో తన్ని బకెట్‌ని ఇసుకలోకి దొర్లించాడు. ఆ రోజు నుంచి అరకిలో చొప్పునే కలిపాం. కిలోకి 10 గ్రాముల క్యాటలిస్ట్, ఎండలో అంతకంటే వద్దు. సాయంత్రం నాలుగు దాటాక మాత్రమే పని.

అతుకు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం దండగ. కోసిన పాత పొర అంచుకి కొత్త పొరని ఎదురెదురుగా ఆనిస్తే అక్కడే పగులుతుంది. అంచుని ఏటవాలుగా, చాలా పల్చగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు. మా డెక్కు పై పొర 4 ఎంఎం, అంటే 48 ఎంఎం ఏటవాలు కావాలి. నేను ఫోన్‌లో లెక్కేసి చెప్పేలోపు మావ మూడు వేళ్ళు ఆనించి గీత గీసేశాడు. స్కేలు పెట్టి చూశాను. సరిగ్గా రెండంగుళాలు.

ప్లైవుడ్‌కి అన్ని వైపులా, ముఖ్యంగా అంచులకి రెసిన్ పట్టించి ఆరబెట్టాం. అడుగు పొర మీద తడి మ్యాట్ పరిచి దాని మీద ప్లైవుడ్ దించి నొక్కాం. కింద గాలి ఉండిపోకుండా ప్లైవుడ్‌కి అక్కడక్కడా సన్న చిల్లులు పెట్టాడు. ఆ చిల్లుల్లోంచి రెసిన్ పైకి ఉబికితే కింద బాగా అంటినట్టు గుర్తు. బరువుకి ఇసుక బస్తాలు. ఈ ఒక్క సామాను మాత్రం మా ఊళ్ళో ఫ్రీ.

మర్నాడు పై పొరలు. మ్యాట్, రోవింగ్, మళ్ళీ మ్యాట్, ఇంకో మ్యాట్. మొదటిది చిన్నది, తర్వాతవి ఒక్కోటీ అంచు మీదకి కాస్త ఎక్కువగా. ప్రతి పొర మీదా రోలర్ తోసి గాలి బుడగలు తీయాలి. మ్యాట్ తెల్లగా ఉంటే రెసిన్ తాగలేదు, గాజులా కింది రంగు కనిపిస్తే తాగింది. రెసిన్ ఎక్కువ పోస్తే బలం అనుకునేరు. బలం గాజుది, రెసిన్ జిగురు మాత్రమే. ఇడ్లీలో సాంబార్ ఇంకినట్టుండాలి, ఇడ్లీ సాంబార్‌లో తేలకూడదు. ఈ పోలిక నాదే, మావ ఒప్పుకోలేదు. ఆయన పొద్దున్న తినేది చద్దన్నం.

చివరి పూతలో కాస్త మైనం కలిపారు. పాలిస్టర్‌కి గాలి తగిలితే పైన జిగటగానే ఉండిపోతుంది, మైనం పైకి తేలి గాలి తగలకుండా కప్పుతుంది. పూత తడిగా ఉండగానే, ఉప్పు పోయేలా కడిగి ఎండబెట్టిన ఇసుకని జల్లెడతో చల్లాం. తడి కాలు జారకుండా. మొత్తం ఖర్చు మావ కూలితో కలిపి 18,400 రూపాయలు. సగం నేనిస్తానంటే నాన్న మొత్తం ఇవ్వమన్నాడు. "చిల్లులు ఎవులు పెట్టారేటి?" అన్నాడు. మూడు వారాల్లో ఆయన వేసిన ఒకే ఒక్క జోకు అది. జోకేనా అన్నది ఇప్పటికీ డౌటే.

జీపీఎస్ పెట్టె ఇంట్లో గూట్లో ఉంది. నేను దాని గురించి ఎత్తలేదు. తిరుగు ప్రయాణానికి ముందురోజు నాన్నే దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి డెక్కు మీద పెట్టాడు.

"అవసరమా?" అన్నాను.

"రేత్రి పూట మీ యమ్మకి ధైర్యం. ఎక్కడున్నానో సెప్తే రాసుకుంటది." ఫోన్ సిగ్నల్ పోయేముందు ఆయన నంబర్లు చదివితే అమ్మ క్యాలెండర్ మీద రాసి పెడుతుందట. ఆరేళ్ళుగా. నాకు తెలీనే తెలీదు. ఇంట్లోకి వెళ్ళి క్యాలెండర్ తిప్పి చూశాను. పాలవాడి లెక్కల పక్కన, గ్యాస్ బండ వచ్చిన తేదీ కింద, ప్రతి వేట రోజుకీ చిన్న అక్షరాలతో రెండు నంబర్లు.

ఈసారి చిల్లులు ఎలా పెట్టాలో మావ పక్కన కూర్చుని చెప్పాడు, నేను పెట్టాను. స్క్రూ 5 ఎంఎం అయితే చిల్లు 12 ఎంఎం. అడుగు పొర తెగకుండా, పై పొర, ప్లైవుడ్ వరకే. ఆ చిల్లుని చిన్న గాజుపోగులు కలిపిన రెసిన్ ముద్దతో పూర్తిగా నింపి, ఒకరోజు ఆరనిచ్చి, దాని మధ్యలో స్క్రూకి సరిపడా సన్నచిల్లు. అప్పుడు స్క్రూ తాకేది రెసిన్‌నే, చెక్కని కాదు. ఎప్పుడైనా నీళ్ళు దిగినా అక్కడే ఆగిపోతాయి. స్క్రూ తలకింద సీలెంట్ కూడా. నాలుగు స్క్రూలకి రెండు రోజులు. 2019లో పది నిమిషాలు పట్టింది.

జూన్ 14 రాత్రి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. చెల్లి వీడియో కాల్ చేసింది. ఒడ్డంతా జనం, పడవలకి పసుపు, కుంకుమ, గంగమ్మకి కొబ్బరికాయలు. పన్నెండు దాటగానే భుజాలు పెట్టి తోశారు. నాన్న ఎక్కి తన చోట నిలబడి, మడమతో డెక్కుని రెండుసార్లు గట్టిగా తన్నాడు. తర్వాత చెల్లి ఫోన్ ఊగిపోయింది, కెరటాల చప్పుడు తప్ప ఏం కనిపించలేదు.

తెల్లారి పదకొండుకి నాన్న ఫోన్. కవళ్ళు బాగానే పడ్డాయట, రొయ్య కొంచెం. వెనక డెక్కు రాయిలా ఉందట.

"మరి నీ గొంతేంటి అలా ఉంది?" అన్నాను.

"ఆ పది రూపాయల బిళ్ళ ఒకటి అలవాటు సేసినాడు మీ మావ" అన్నాడు. ఒడ్డుకొచ్చాక ఊరికే కూర్చోలేక డెక్కంతా కొట్టి చూశాడట. ముందుభాగంలో, లంగరు తాడు కట్టే కొక్కెం పక్కన, అరచేతి వెడల్పున చప్పుడు మారిందట.

ఆ కొక్కెం ఎవరు బిగించారని అడిగాను.

"నేనే" అన్నాడు.